ఎవరు చెప్పినారు నీకు?

టీచరమ్మ పోయిన సంగతి నాకు ఇద్దరు చెప్పారు. ఒకరు మంగళవారం సాయంత్రం పోయిందన్నారు, ఇంకొకరు బుధవారం పొద్దున అన్నారు. ఒకరు కృష్ణగిరిలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో అన్నారు, ఇంకొకరు ఇంట్లోనే, నమాజు చాప మీద కూర్చుని ఉండగానే పోయిందన్నారు. ఇద్దరూ ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కారు. ఫోను పెట్టేశాక, హోసూరులో నా షాపులో కంప్యూటరు ముందు కూర్చుని, వీళ్ళిద్దరికీ ఎవరెవరు చెప్పి ఉంటారా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఏడవాల్సిన సమయంలో ఈ ఆరా ఏమిటని నాకే సిగ్గేసింది. ఈ రోగం నాకు అంటించింది ఆమే.

నాది బస్టాండు వెనక వీధిలో చిన్న టైపింగు షాపు. తమిళం, కన్నడం, ఇంగ్లీషు ఎవరైనా కొడతారు. తెలుగు కొట్టేదాన్ని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. పెళ్ళిపత్రికలు, గుడి కరపత్రాలు తప్ప పెద్ద పని ఉండేది కాదు. ఒకరోజు నల్ల బురఖాలో ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, ముసుగు వెనక్కి తీసి, వైరు బుట్ట బల్ల మీద పెట్టింది. కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేసుకుంది.

"ఈడ తెలుగు కొడతారంట. నిజమేనా?" అంది.

"కొడతానమ్మా. ఎవరు చెప్పినారు మీకు?"

ఆవిడ నన్ను కాసేపు చూసి, "అట్లా అడగాల. చానామంది అడగరు," అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

కృష్ణగిరి దగ్గర సర్కారు బడిలో, తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తమిళం, బడిలో తెలుగు. బుట్టలో రబ్బరు బ్యాండ్లు వేసిన చీటీల కట్టలు, చేతిరాత పేజీలు ఉన్నాయి. పుస్తకం రాస్తున్నానంది. తెలుగులోనే ఎందుకని అడిగాను.

"ఉర్దూలో రాస్తే మావాళ్ళు చదివి కొట్లాడతారు. తమిళంలో రాస్తే ఊరంతా చదివి కొట్లాడతారు. తెలుగులో రాస్తే నేనొకదాన్ని, నువ్వొకదానివి. నిదానంగా ఆలోచించుకోవచ్చు."

పుస్తకం ఒక పెళ్ళి గురించి. ప్రవక్త గతించిన తర్వాత, తొలి ఖలీఫాల కాలంలో, ఆయన వంశంలోని ఒక అమ్మాయిని రాజ్యమేలే పెద్దాయన పెళ్ళి చేసుకున్నాడా లేదా అన్నది ఆమె ప్రశ్న. చేసుకున్నాడని, కొడుకు పుట్టాడని, తల్లీ కొడుకూ ఒకే రోజు పోతే ఇద్దరికీ కలిపి ఖననానికి ముందు చేసే జనాజా నమాజు చేశారని కొందరి పుస్తకాల్లో ఉందట. జరిగింది గానీ పిల్ల తండ్రికి ఇష్టం లేకుండా జరిగిందని ఇంకొక చోట ఉందట. అసలు జరగనే లేదని మరికొందరు. అదే పేరున్న వేరే ఇంటి అమ్మాయి గురించి మాటలు నడిస్తే, చెప్పినవాళ్ళు ఇద్దరినీ ఒకరిగా కలిపేశారని ఇంకో వాదన. వాళ్ళ పేర్లు నేను ఇక్కడ రాయను. నలభై పేజీలు కొట్టాక కూడా నాకు ఎవరు ఎవరో సరిగ్గా తెలియలేదు. తప్పు రాస్తానని భయం.

బడి పరీక్షల్లో మిగిలిన తెల్లకాగితాలు కత్తిరించి ఆమె చీటీలు చేసుకునేది. ముందువైపు ఒక కథనం. వెనకవైపు పేర్లు, ఒకదాని కింద ఒకటి: ఈ మాట చెప్పినవాడు ఎవరు, అతనికి చెప్పినవాడు ఎవరు, వాడికి ఎవరు. అట్లా ఆ కాలం దాకా మెట్లు దిగుతూ పోయేది. ఒక్కొక్క మనిషిని పట్టుకుని నిలదీసేది. జ్ఞాపకం గట్టిదేనా, చెప్పినవాణ్ణి నిజంగా కలిశాడా, ఈ మాట చెప్తే వాడి పక్షానికేమైనా లాభమా.

మొదటి రోజే నేను "పెళ్ళి జరిగింది" అని కొట్టాను. ఆమె వేలు తెచ్చి తెర మీద ఆ మాటకు ఆనించింది.

"జరిగింది అని ఎవరు చెప్పినారు నీకు?"

"మీ పేజీలోనే ఉంది కదా టీచరమ్మా."

"నేను రాసింది 'జరిగిందని ఈయన చెప్పినాడు' అని. నువ్వు సగం మింగేసినావు."

తర్వాత నేను మింగడం మానేశాను. కానీ ఆమె తనే మార్చేది. ఈ వారం "అని చెప్పినాడు" అన్నచోట వచ్చే వారం "అని చెప్పినాడంటారు" అని, ఆపై వారం మళ్ళీ పాతదే పెట్టమనేది. ఒక చీటీ తీసి పక్కన పెట్టిన రోజు ఆమె ముఖం చూడాలి. చుట్టాలెవరో పోయినట్టు ఉండేది. "చూడమ్మా, ఈయన ఆయన నోట విన్నానంటాడు. ఆయన పోయిన రెండేళ్ళకు గదా ఈయన పుట్టింది. పుట్టకముందే ఎట్లా వింటాడు?" రెండు వారాలకు ఇంకేదో పుస్తకంలో పుట్టిన ఏడాది వేరేగా దొరికేది. చీటీ తిరిగి కట్టలోకి వచ్చేది. నేను ఆ పేరా మళ్ళీ కొట్టేదాన్ని.

బస్టాండులో ఉడికిన వేరుశనక్కాయలు కొనుక్కొచ్చేది. నాకు సగం ఇచ్చి, పొట్లం కాగితం విప్పి, అందులో ఉన్న వార్త చివరి అక్షరం దాకా చదివేది. తర్వాత కాగితం తిప్పి తేదీ వెతికేది. తేదీ చిరిగిపోయి ఉంటే, చదివిందంతా దండగైనట్టు మడిచి పడేసేది.

ఒకసారి విసుగొచ్చి అడిగాను. "ఇంతకీ ఆ పెళ్ళి జరిగిందా లేదా టీచరమ్మా?"

"నిన్నటిదాకా జరిగింది. ఈ పొద్దు కొంచెం డౌటుగా ఉంది," అంది. నవ్వలేదు.

ఆమె తమ్ముడు కృష్ణగిరి మండీలో మామిడి వ్యాపారి. అక్క ఉండేది ఆయన ఇంట్లోనే. ఒకసారి ఆయనే బండిలో తీసుకొచ్చి, గుమ్మంలో నిలబడి, "అక్కా, పెళ్ళి అయిందనో కాలేదనో ఒకటి రాసి ముగించు. అయిందనేవాళ్ళూ కాలేదనేవాళ్ళూ నన్ను ఆపి అడుగుతా ఉండారు," అన్నాడు. కోపం లేదు. బతిమాలినట్టే అన్నాడు. టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, "నన్ను అడగమను," అంది. ఆయన నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను?

ఇట్లా ఏడాదిన్నర గడిచింది. ఆ చలికాలం మా నాయన పోయాడు.

మా ఊరు గురుబరపల్లి నుంచి లోపలికి పోవాలి. పదకొండో రోజు ఇంటి ముందర పందిట్లో బంధువులంతా ఉండగా ఒకామె వచ్చి దూరంగా నిలబడింది. యాభై దాటి ఉంటాయి. పక్కన పెళ్ళీడు దాటిన కూతురు. కెలవరపల్లి నుంచి వచ్చామంది. "ఆయన నాకు తాళి కట్టినాడు. దండం పెట్టుకోని పోతాను," అంది. అంతే అంది. మా అన్న లేచి పోయి ఏదో అన్నాడు. ఆమె పందిట్లోకి రాకుండానే, ఉన్నచోటే నేల మీద తల ఆనించి, లేచి వెళ్ళిపోయింది. మా అమ్మ తల ఎత్తలేదు.

నెల తర్వాత మా అన్న షాపుకొచ్చాడు. తాలూకా ఆఫీసులో ఇవ్వడానికి వారసుల సర్టిఫికెట్ అర్జీ, దానితో అందరం సంతకాలు పెట్టాల్సిన ఒక కాగితం కొట్టాలి. నాయనకు అమ్మ తప్ప వేరే భార్య గానీ, మేమిద్దరం తప్ప వేరే పిల్లలు గానీ లేరని అందులో రాయాలి. అన్న చెప్తుంటే కొడుతున్నాను. "లేరు" దగ్గర నా చేతులు ఆగిపోయాయి. అన్నకు ఏదో సాకు చెప్పి పంపించాను.

టీచరమ్మ వచ్చినప్పుడు ఆ కాగితం చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది.

"లేరని ఎవరు చెప్పినారు నీకు?"

"మా అన్న."

"ఆయనకు?"

"అమ్మ చెప్పి ఉంటాది."

"ఉంటాదా, చెప్పిందా?"

తెలియదన్నాను. అమ్మను ఎవరూ అడగలేదు. ఎలా అడుగుతాం?

"ఉన్నారని చెప్పేవాళ్ళు ఎవరు?"

"ఆమె ఒక్కతే."

"ఆమె యాడ ఉంటాది?" అని బుట్ట సర్దుకుంది. నేను వద్దన్నా వినలేదు. మర్నాడు ఆదివారం. ఇద్దరం కెలవరపల్లి బస్సు ఎక్కాం.

కెలవరపల్లి ఆమె అక్కడి డ్యాం దారిలో రోజాపూల తోటలో పని చేస్తుంది. పూలు కోసి కోసి చేతి వేళ్ళ నిండా ముళ్ళ గీతలు. మమ్మల్ని చూసి బెదరలేదు. ఇంటి ముందర అరుగు మీద గోనెపట్టా పరిచి కూర్చోమంది. టీచరమ్మ నోటుబుక్కు తీసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు. ఆమె చెప్పింది. గుట్ట మీది గుడిలో, వానాకాలం, పూజారి ఉన్నాడు. పూజారి పోయి చానా ఏళ్ళైంది. ఫోటో లేదు. చూసినవాళ్ళు ఇంకెవరంటే, గొర్రెలు కాసే ముసలాయన ఒకడున్నాడంది. పిలిపించింది.

ముసలాయన కర్ర ఆనించుకుని, "కట్టినాడు, నేను చూసినాను," అన్నాడు.

"గుడిలో ఉండినావా తాతా?" అంది టీచరమ్మ.

"గుడిలో అంటే... మంద గుట్ట కింద గదమ్మా ఉండేది. మందని ఇడిచిపెట్టి ఎట్లా పోతాను? దిగి వచ్చేటప్పుడు చూసినాను. మెడలో పసుపుతాడు ఉండినాది."

"మగాయన ఎవరో తెలుసునా నీకు?"

ముసలాయన మా నాయన పేరే చెప్పాడు. ఏ ఊరాయన అంటే మాత్రం మా ఊరి పేరు చెప్పలేదు, సూళగిరి పక్క ఊరొకటి చెప్పాడు. తర్వాత, "అంతేనేమో, ఇన్నేండ్లైంది," అన్నాడు. ఆ ఊళ్ళో మా నాయన పేరుతోనే మేకల వ్యాపారి ఒకాయన ఉండేవాడని నాకు తెలుసు. టీచరమ్మకు చెప్పాను. ఆమె రాసుకుంది. కాసేపటి క్రితం ఉన్న నమ్మకం పోయింది. దాని బదులు ఇంకో నమ్మకం రాలేదు.

అప్పుడా కెలవరపల్లి ఆమె నన్ను చూసి అంది, "మీ నాయన అన్నం తిని ఆఖరి ముద్ద కంచంలోనే పెట్టి లేచేవాడు గదా. ఎందుకంటే, కాకికి అనేవాడు."

నిజమే. రోజూ చూసిందే. టీచరమ్మ మాత్రం తల ఎత్తకుండా, "అది ఆయన ఈడ అన్నం తిన్నాడనేదానికి సాక్ష్యం. పెళ్ళికి కాదు," అంది.

కెలవరపల్లి ఆమె లేచి నిలబడింది.

"ఏందమ్మా మీరు అడిగేది? తాతను అడిగితిరి, పూజారిని అడిగితిరి, ఫోటో అడిగితిరి. ఆయన కట్టింది నా మెడలో గదా? నాకు తెలీదా? నేను చెప్తే చాలదా?"

టీచరమ్మ పెన్ను చేతిలోనే ఉండిపోయింది. "మన్నించమ్మా," అంది. నోటుబుక్కు మూసేసింది. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది, తాగి వచ్చేశాం.

బస్సులో టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. హోసూరు వచ్చేటప్పుడు అంది, "నా పుస్తకంలోని ఆ పెళ్ళి మీద నూటికి పైగా చీటీలు రాసినాను. తండ్రి ఏమన్నాడో ఉంది. పెద్దాయన ఏమన్నాడో ఉంది. వాళ్ళు అన్నారని అన్నవాళ్ళు ఉండారు. ఒక్క చీటీలో గూడా ఆ అమ్మి మాట లేదు. ఇన్నాళ్ళూ నేను గూడా వెతకలేదు."

"అయితే ఈమె చెప్పేది నిజమేనా టీచరమ్మా?"

"నిజమని నేను చెప్పలేదు. చెప్పిందని అంటా ఉన్నాను," అంది. నా చేయి పట్టుకుని దిగింది.

నేనేం చేయాలో ఆమె చెప్పలేదు. ఆ వారమే ఊరికి పోయి అమ్మను అడిగాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. చానాసేపు తీస్తూనే ఉంది.

"ఇన్నాళ్ళకు అడిగినావా. మీ నాయన ఆ పక్క పోయే రోజు చొక్కా ఉతికి మడతపెట్టి ఇచ్చింది నేనే," అంది.

"అయితే పెళ్ళి అయిందా అమ్మా?"

"నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్తాడు గదా. చెప్తే నేను వినాల గదా."

ఇంకేమీ అనలేదు. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఉన్నారని రాయడానికీ ధైర్యం లేదు. తెలియదని రాస్తానంటే, "తెలీదని రాసేదానికి ఒక కాగితమా?" అని మా అన్న కేకలేశాడు. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన తంటాలు ఆయన పడ్డాడు. చివరికి ఊరి గ్రామాధికారి విచారణకు వచ్చాడు, రాసుకుపోయాడు. సర్టిఫికెట్ వచ్చింది. అందులో మా మూడు పేర్లే ఉన్నాయి.

టీచరమ్మ ఆ కాపీ చూస్తానంది. "స్థల విచారణలో తెలిసినది" అన్నచోట వేలు పెట్టింది. "ఎవర్ని అడిగినాడంట?"

"టీకొట్టు దగ్గర ఇద్దర్ని. ఇద్దరూ మా అన్న జతగాళ్ళే."

"వాళ్ళకు?"

"అన్నే చెప్పి ఉంటాడు. చెప్పినాడు," అని సరిదిద్దుకున్నాను.

ఆమె ఒక ఖాళీ చీటీ తీసి, ముందువైపు సర్టిఫికెట్లో ఉన్న ముక్క రాసింది, వెనకవైపు ఆ మనుషుల్ని ఒకరి కింద ఒకరిని రాసింది. "నూరేండ్ల తర్వాత మీ ఇంటి కథ ఎవరన్నా వెతికితే ఇదే దొరుకుతాది. సీలు గూడా ఉంది," అని, ఆ చీటీ తన పుస్తకం చీటీల్లో పెట్టాలా, విడిగా పెట్టాలా తెలియనట్టు కాసేపు చేతిలోనే పట్టుకుంది. చివరికి నాకే ఇచ్చేసింది.

ఆ తర్వాత ఆమె రావడం తగ్గింది. మోకాళ్ళు పనిచేయడం లేదని ఫోనులో చెప్పేది. పేజీలు పంపలేదు. పుస్తకం ఏమైందంటే, "నడస్తా ఉంది," అనేది. ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఫోను కూడా లేదు. నేనూ చేయలేదు. రేపు చేద్దామనుకుంటూ గడిపేశాను.

చావు కబురు తెలిసిన మర్నాడు కృష్ణగిరి పోయాను. ఖననం అయిపోయి రెండు రోజులైందన్నారు. ఏ రోజు పోయిందని ఎవరినీ అడగలేదు. ఆమె తమ్ముడు నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మన్నాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. ఆమె గదిలో బల్ల మీద చీటీల కట్టలు అలాగే ఉన్నాయి.

"నువ్వు అంతా కొట్టినావు గదమ్మా. ఏం తేల్చింది మా అక్క? అయిందా, కాలేదా?" అన్నాడు.

"నేను కొట్టినంతవరకు తేలలేదు భాయ్."

ఆయన తల ఊపాడు. ఏదో ఒక మాట చెప్పి ఆయన్ను ఊరడించాలనిపించింది గానీ, ఆ గదిలో నిలబడి ఆ పని చేయలేకపోయాను.

ఆడవాళ్ళు ఉన్న గదిలోకి పోయాను. ఆరేడుగురు చాపల మీద కూర్చుని, కొందరు ఖురాను చదువుతున్నారు. గోడ వారన, చీర కొంగు తల మీదికి కప్పుకుని కూర్చున్నామెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. కెలవరపల్లి ఆమె. ఇంత దూరం ఈమెకు ఏం పని అనుకున్నాను. ఆమె కూడా నన్ను చూసింది.

"మీరు ఈడ..." అన్నాను, గొంతు తగ్గించి.

"టీచరమ్మ నెలకొకసారి మా ఇంటికి వచ్చేది. వానలు పడేదాకా వచ్చింది," అంది.

నాకు అర్థం కాలేదు. మోకాళ్ళు పనిచేయక నా షాపు మెట్లు ఎక్కలేకపోయిన మనిషి, కృష్ణగిరి నుంచి హోసూరు వచ్చి, నా వీధి ముందర నుంచే పోయి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి కెలవరపల్లి పోయేదా? నాకు ఒక్క మాట చెప్పకుండా?

"ఎందుకు వచ్చేది? ఏం అడిగేది?"

"ఏమీ అడిగేది కాదు. నేను చెప్తే రాసుకునేది. చెప్పకపోతే ఊరికే కూర్చోని పోయేది."

"ఏం చెప్పినారు మీరు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. గొంతులో నిష్ఠూరం లేదు. "నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?" అంది.

ఆ రోజు ఆమె అరుగు మీద నేనూ కూర్చున్నాను. ముసలాయన మాట విన్నాను, మా నాయన పేరున్న ఇంకొకాయన సంగతి నేనే బయటపెట్టాను. ఆమెను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఇంట్లో అందరం కెలవరపల్లిది అనే అంటాం. ఆమె చాప మీద కొంచెం పక్కకు జరిగింది. పోయి కూర్చున్నాను. ఏమని పిలవాలో తెలియలేదు. చిన్నమ్మా అంటే పెళ్ళి అయిందని నేనే తేల్చినట్టు. అక్కా అంటే కాలేదని తేల్చినట్టు. ఏ పిలుపూ లేకుండానే, "మీ పేరేంది?" అని అడిగాను.

ఆమె చెప్పింది. తర్వాత, నేను ఇంకేమీ అడగకముందే, వాన పడుతుండగా గుట్ట ఎక్కిన రోజు దగ్గర నుంచి మొదలుపెట్టింది.